ఊపిరి చూసే మనిషి లేని గదిలో మత్తు వద్దు

మెదడుకు ఆక్సిజన్ అందడం ఆగిపోతే మనిషికి మిగిలేది నాలుగైదు నిమిషాలు. గుర్రంకొండలో మత్తు ఇచ్చిన గదిలో ఊపిరి ఆగితే మదనపల్లె ఆసుపత్రికి ముప్పై కిలోమీటర్ల దాకా దూరం. పోనీ, పుంగనూరులోనో కుప్పంలోనో పెద్దాసుపత్రి ఉన్న వీధిలోనే మత్తు ఇచ్చే క్లినిక్ ఉందనుకుందాం. స్ట్రెచర్ వెతికి, మెట్లు దింపి, ఆటోనో అంబులెన్సో ఎక్కించి, అవతలి క్యాజువాలిటీకి చేర్చేసరికి ఆ నాలుగైదు నిమిషాలు ఎప్పుడో దాటిపోతాయి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 మన రాష్ట్రంలో ఎన్నో ప్రాణాలు నిలిపింది. కానీ మత్తులో ఊపిరి ఆగిన మనిషి దగ్గరికి ఏ అంబులెన్సూ వేళకు రావడం కుదరదు. ఆ సాయం ముందే ఆ గదిలో ఉండాలి. లేకపోతే ఆ గదిలో మత్తు ఇవ్వకూడదు, ఇస్తామంటే మనం ఒప్పుకోకూడదు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఈ ఒక్క మాట చెప్పడానికే.

ఒకప్పుడు మత్తు అంటే ఆపరేషన్ థియేటరే. ఇప్పుడు గొట్టం వేసి కడుపు చూసే ఎండోస్కోపీ గదిలో మత్తు ఇస్తున్నారు. కదలకుండా పడుకోలేని పసిబిడ్డకు స్కానింగ్ సెంటర్లో ఇస్తున్నారు. పంటి కుర్చీలో, విరిగిన చెయ్యి సరిచేసే క్యాజువాలిటీలో, కాలిన గాయాలకు కట్టు మార్చే గదిలో, సంతానం కోసం అండాలు తీసే కేంద్రంలో, మానసిక వైద్యంలో కరెంటు చికిత్సకు, కొవ్వు తీయడానికి, జుట్టు నాటడానికి కూడా ఇస్తున్నారు. మత్తు థియేటర్ గడప దాటి బయటికి వచ్చేసింది. థియేటర్లో ఉండే మనుషులు, యంత్రాలు మాత్రం చాలాచోట్ల దాని వెంట రాలేదు. మనకు చెప్పే మాట ఒకటే: “ఏం గాదులేమ్మా, ఐదు నిమిషాల పని.” పని ఐదు నిమిషాలదే కావచ్చు. మత్తుకు ఆ సంగతి తెలియదు. పెద్ద ఆపరేషన్‌కు ఆపగలిగిన ఊపిరిని చిన్న పనికీ ఆపగలదు.

క్లోరోఫాం మత్తు వల్ల పోయిన తొలి ప్రాణంగా వైద్య చరిత్రలో నమోదైంది ఏ పెద్ద ఆపరేషన్‌లోనూ కాదు. 1848 జనవరి 28న ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర పదిహేనేళ్ల హన్నా గ్రీనర్ అనే అమ్మాయికి కాలి గోరు తీయడానికి ఇంట్లోనే కూర్చోబెట్టి క్లోరోఫాం పీల్పించారు. కాసేపట్లోనే చనిపోయింది. క్లోరోఫాం వాడకంలోకి వచ్చి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు.

ఆ రోజులు వేరు అనుకోవద్దు. 2014 ఆగస్టు 28న న్యూయార్క్‌లో పేరున్న హాస్యనటి జోన్ రివర్స్ గొంతు, కడుపు పరీక్షకని ఒక ఎండోస్కోపీ క్లినిక్‌కు వెళ్లారు. ప్రొపోఫాల్ మత్తులో ఉండగా ఆక్సిజన్ తగ్గి గుండె ఆగింది. సెప్టెంబర్ 4న కన్నుమూశారు. మందు ఇచ్చే ముందు ఆమె బరువు నమోదు చేయలేదనీ, పరిస్థితి దిగజారుతున్న గుర్తులను వేళకు పట్టుకోలేదనీ ప్రభుత్వ తనిఖీలో తేలింది. డబ్బుకు లోటు లేని మనిషి, ప్రపంచంలోకెల్లా సంపన్నమైన నగరం, అయినా బరువు చూసుకోలేదు.

మన దగ్గరికి వస్తే, 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఒక దంత వైద్యశాలకు చిరునవ్వు తీర్చిదిద్దుకునే చికిత్స కోసం వెళ్లిన 28 ఏళ్ల యువకుడు అక్కడే స్పృహ తప్పాడు. వేరే ఆసుపత్రికి తీసుకెళ్తే అప్పటికే ప్రాణం పోయిందన్నారు. మత్తుమందు ఎక్కువ ఇచ్చారని తండ్రి ఆరోపించారు, పోలీసులు కేసు పెట్టారు. నిజం తేల్చాల్సింది దర్యాప్తూ కోర్టూ. కానీ ఆ అబ్బాయి ఇంట్లో చెప్పకుండా ఒక్కడే వెళ్లాడన్న మాట మాత్రం మన ఊళ్లలో ప్రతి యువకుడూ చెవిన వేసుకోవాలి. మత్తు ఇచ్చే చోటికి ఒంటరిగా వెళ్లకూడదు.

అసలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే భయం పోతుంది, జాగ్రత్త వస్తుంది. మత్తు మెట్టుమెట్టుగా దిగుతుంది. మొదట మనిషి మగతగా ఉంటాడు, పిలిస్తే మాట్లాడతాడు. తర్వాత పిలిచి, తట్టితే కళ్లు తెరుస్తాడు. ఇంకా దిగితే గట్టిగా గిల్లినా ఒక్క మూలుగే. ఆపైన ఏమీ ఉండదు. ఈ మెట్ల మధ్య గోడలు లేవు. ఒక మెట్టు దగ్గర ఆపుదామని ఇచ్చిన మోతాదే ఇంకో మనిషిని రెండు మెట్లు దించేస్తుంది. డెబ్భై ఏళ్ల అవ్వకూ, పాతికేళ్ల కుర్రాడికీ, రోజూ తాగే మనిషికీ ఒకే లెక్క పనికిరాదు. మిడజోలం అనే మత్తుమందు నరానికి ఎక్కించాక పూర్తిగా పని చేయడానికి రెండు మూడు నిమిషాలు, పెద్దవాళ్లలో ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ కాస్త ఆగే ఓపిక లేక “ఇంకా నిద్ర పట్టలేదు, ఇంకొంచెం వేయండి” అంటే మొదటిదీ రెండోదీ ఒక్కసారే పని మొదలుపెడతాయి. దానికి ఫెంటానిల్ లాంటి నొప్పి మందు తోడైతే ఒకటీ ఒకటీ కలిసి రెండుకు ఆగవు. ప్రొపోఫాల్ అయితే క్షణాల్లోనే దించేస్తుంది, దానికి విరుగుడు మందు లేదు. మిడజోలంకు ఫ్లూమజెనిల్, ఫెంటానిల్‌కు నలోక్సోన్ ఉన్నాయి. కానీ మత్తుకంటే విరుగుడు బలం ముందే తగ్గిపోయి మనిషి మళ్లీ మత్తులోకి జారిపోవచ్చు.

మత్తు దిగేకొద్దీ దవడ సడలి నాలుక వెనక్కి జారుతుంది. గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. అప్పుడు వినపడేది గురక. తలుపు దగ్గర నిలబడ్డ భార్య ఆ గురక విని “పాపం, ఎన్నాళ్లకు నిద్ర పట్టిందో” అనుకుంటుంది. అది నిద్ర కాదు, సగం మూసుకుపోయిన గొంతు. ఇంకాసేపటికి గురక ఆగుతుంది. ఛాతీ పైకీ కిందికీ కదులుతూనే ఉంటుంది, పొట్ట ఎదురు తిరిగినట్టు ఊగుతుంది, కానీ ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలదు. తెలిసిన మనిషి ఆ క్షణంలో పక్కన ఉంటే రెండు చేతులతో దవడ ముందుకు లాగి, గడ్డం పైకెత్తి, చేత్తో నొక్కే గాలి సంచి అంబు బ్యాగ్‌తో నాలుగు సార్లు గాలి నొక్కుతాడు. మనిషి తేరుకుంటాడు. ఆ ఇంటి వాళ్లకు ఏం తప్పిపోయిందో కూడా తెలియదు. తెలిసిన మనిషి లేకపోతే ఆ నిశ్శబ్దాన్నే అందరూ ‘బాగా పడుకున్నాడు’ అనుకుంటారు.

వేలికి క్లిప్పు పెట్టాం కదా అంటారు. ఆ పల్స్ ఆక్సీమీటర్ గొప్ప సాధనమే. జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి 1970ల్లో దాని సూత్రం కనిపెట్టాక మత్తు వైద్యంలో భద్రత ఎంతో పెరిగింది. కానీ అది చెప్పేది రక్తంలో ఆక్సిజన్ సంగతే, ఊపిరి ఆడుతోందా లేదా అన్నది కాదు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి ఉంటే ఊపిరి ఆగాక కూడా కాసేపు ఆ అంకె 98, 99 దగ్గరే నిలబడుతుంది. పడటం మొదలయ్యేసరికి విలువైన నిమిషాలు పోయి ఉంటాయి. ఊపిరిని ఊపిరిగా చూపించేది కాప్నోగ్రాఫ్. బయటికి వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను ప్రతి శ్వాసకూ ఒక గీతగా గీస్తుంది. గీత చదునయితే ఊపిరి లేదని ఆ క్షణంలోనే తెలుస్తుంది. స్పృహ మిగిలే మత్తు ఇచ్చినా సరే ఇది ఉండాలని అమెరికా మత్తు వైద్యుల సంఘం 2011 జూలై నుంచి ప్రమాణంగా పెట్టింది. మన తాలూకా ఊళ్లలో ఎండోస్కోపీ గదిలో ఆ గీత ఎన్నిచోట్ల కనిపిస్తుందో ప్రతి క్లినిక్ యజమానీ తన గదిలోకి వెళ్లి చూసుకోవాలి.

ఊపిరి చూడమన్న మాట పరాయి దేశం నుంచి అరువు తెచ్చుకున్నది కూడా కాదు. 1888, 1889లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో హైదరాబాద్‌లో ఎడ్వర్డ్ లారీ రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. రెండోదాని కోసం లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను పిలిపించారు. నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరి మీద కన్ను వేసి ఉంచండి అన్నది వాళ్లు లోకానికి చెప్పిన సారం. క్లోరోఫాం నేరుగా గుండెనే ఆపగలదని తర్వాత గుడ్‌మన్ లెవీ 1911లో నిరూపించాడు కాబట్టి కమిషన్ వాదనలో గుండెకు నేరుగా ముప్పు లేదన్న సగం తప్పింది. ఊపిరి మీద కన్ను వేయాలన్న సగం ఇప్పటికీ చెల్లుతోంది. ఆ హైదరాబాద్ వైద్య పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. ఆమె పని చేసిన నేలకు చెందిన మనం ఇవాళ ఊపిరి చూసే మనిషి లేకుండా మత్తుకు ఒప్పుకోవడం బాధాకరం.

మనిషి అన్నానే, ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. ఎండోస్కోపీ చేసే డాక్టర్ కళ్లు తెర మీద ఉంటాయి, చేతులు గొట్టం మీద ఉంటాయి. పన్ను తీసే డాక్టర్ కళ్లు పంటి మీద ఉంటాయి. ఆయనే మత్తు కూడా చూసుకుంటానంటే ఎంత నిపుణుడైనా సరే కుదరదు. మత్తు ఇచ్చి, దాన్నే చూస్తూ, ఇంకే పనీ పెట్టుకోని శిక్షణ ఉన్న రెండో మనిషి ఉండాలి. లోతైన మత్తు అయితే మత్తు డాక్టరే ఉండాలి. మన ఊళ్లలో ఒకే మత్తు డాక్టర్ రెండు మూడు నర్సింగ్ హోంలకు తిరగాల్సి వస్తోందన్నది అందరికీ తెలిసిందే. ఆయన కష్టం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఒక రోగి లేవకముందే ఇంకో ఊరికి కారెక్కడం మాత్రం ఒప్పుకోదగ్గది కాదు. అత్యంత ప్రమాదకరమైన సమయం పని అయిపోయాకే మొదలవుతుంది. గొట్టం కడుపులో ఉన్నంతసేపూ ఆ ఇబ్బంది మనిషిని కాస్త మేలుకొని ఉండేలా చేస్తుంది. గొట్టం తీశాక లేపే నొప్పి ఏదీ ఉండదు, ఒంట్లో మందు మాత్రం అలాగే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ట్రాలీని వరండాలోకి నెట్టి, క్లిప్పు తీసేసి, తర్వాతి పేషెంట్‌ను పిలుస్తారు.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. స్కానింగ్‌కో ఈఈజీకో ట్రైక్లోఫాస్ సిరప్ తాగిస్తారు. తీపి సిరప్ కాబట్టి తల్లులు దగ్గు మందులా చూస్తారు. అది కూడా మత్తే, చాలాసేపు ఉంటుంది. ఇంటి దగ్గరే తాగించి రమ్మని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. దారిలో బస్సులో బిడ్డ ఊపిరి చూసేదెవరు? పిల్లలకు మత్తు ఇచ్చినప్పుడు జరిగిన 95 ప్రమాదాలను అమెరికాలో చార్లెస్ కోటే బృందం 2000లో విశ్లేషించింది. వాటిలో 51 మంది పిల్లలు చనిపోయారు. మందు నోటితో ఇచ్చారా, సూదితో ఇచ్చారా అన్నదాన్ని బట్టి ప్రమాదం మారలేదు. మూడు, అంతకంటే ఎక్కువ మందులు కలిపినప్పుడు, ఆసుపత్రి కాని చోట ఇచ్చినప్పుడు నష్టం తీవ్రంగా ఉంది. కొందరికి ఇంటికి తిరిగి వెళ్లే కారులోనే ప్రమాదం ముంచుకొచ్చింది. పంటి వైద్యశాలల్లో పూర్తి మత్తు ఇవ్వడాన్ని బ్రిటన్ 2001 చివరి నుంచి ఆపేసి, ఆసుపత్రుల్లోనే ఇవ్వాలని శాసించింది. అంత పెద్ద దేశం అలా కట్టడి చేసిందంటే ఊరికే చేయలేదు.

ఎంఆర్‌ఐ గదిది మరో ప్రమాదం. 2001 జూలైలో న్యూయార్క్ రాష్ట్రంలో మత్తులో ఉన్న ఆరేళ్ల బాబుకు ఆక్సిజన్ అవసరపడి ఇనుప సిలిండర్ లోపలికి తెచ్చారు. అయస్కాంతం దాన్ని లాక్కుంది, బిడ్డ తలకు తగిలి చనిపోయాడు. 2018 జనవరిలో ముంబైలో సిలిండర్ పట్టుకుని ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లిన 32 ఏళ్ల బంధువు ప్రాణం పోయింది. అయస్కాంతం లాగని సిలిండర్ అక్కడ ముందే ఉండాలి. ఇనుప సిలిండర్‌ను ఎవరు మొయ్యమన్నా రోగి బంధువులు ఆ గుమ్మం దాటకూడదు.

ఇక పరగడుపు సంగతి. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే గట్టి ఆహారం ఆరు గంటల ముందు, మాంసం, నూనె వంటలు ఎనిమిది గంటల ముందు ఆపాలి. మనవాళ్లు తప్పేది ఎక్కడంటే, రాగి జావ, అంబలి, మజ్జిగ, పాలు కలిపిన టీ ‘నీళ్లే కదా’ అనుకుంటారు. తెల్లవారి బస్సు ఎక్కే ముందు గుర్రంకొండ సెంటర్లో ఒక టీ తాగితే ఆ రోజు మత్తు వాయిదా పడాలి. పాలు గట్టి ఆహారం లెక్కే, ఆరు గంటలు ఆగాలి. చంటిబిడ్డకు తల్లిపాలైతే నాలుగు గంటలు. మంచినీళ్లు మాత్రం రెండు గంటల ముందు దాకా తాగొచ్చు, తాగించాలి కూడా. మన ఎండకు పిల్లలను రాత్రి నుంచీ చుక్క నీళ్లు లేకుండా ఎండబెట్టడం ఇంకో తప్పు. బరువు తగ్గడానికీ షుగర్‌కూ వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. అవి వాడుతుంటే ముందే చెప్పాలి. తిన్నది దాచి “ఏం తినలేదు సార్” అనడం మన ప్రాణంతో ఆడుకోవడమే.

దాచకూడనివి ఇంకా ఉన్నాయి. రాత్రి గురకతో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, ఆయాసం, ఊగే పళ్లు, తాగుడు, ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు ఇంట్లో ఎవరికైనా లేవడం ఆలస్యమైన సంగతి. ఆర్యవైశ్య కుటుంబాల వాళ్లు ఈ చివరి దాన్ని తప్పకుండా చెప్పాలి. మన ప్రాంత మత్తు డాక్టర్లు కులం అడిగితే కోపగించుకోవద్దు. గొంతులో గొట్టం వేయడానికీ, కరెంటు చికిత్సలోనూ వాడే సక్సినైల్‌కోలిన్ మందు మామూలుగా కొన్ని నిమిషాల్లో విరిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ తక్కువగా ఉండటం ఆ సమాజంలో మిగతావారికంటే చాలా ఎక్కువ. అలాంటివాళ్లకు కండరాలు గంటల తరబడి పనిచేయవు, అంతసేపూ యంత్రంతో ఊపిరి ఇవ్వాలి. ఇది జబ్బు కాదు, మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. వెంటిలేటర్ లేని గదిలో ఆ మందు వేస్తేనే ముప్పు.

ఇంటికి వచ్చే దారి గురించి మనం అసలు ఆలోచించం. పిలిస్తే కళ్లు తెరిచాడని బండి వెనక కూర్చోబెట్టి తీసుకుపోతారు. ఆ రోజు బైక్ ఎక్కడం వద్దు, నడపడం అసలే వద్దు. 24 గంటల దాకా పొలం మోటారు, కత్తి, రిజిస్ట్రేషన్ కాగితాల మీద సంతకం ఏదీ వద్దు. సిరప్ తాగిన బిడ్డను ఆటోలో భుజం మీద వేసుకుంటే మెడ వంగి, గడ్డం ఛాతీకి ఆని గాలి దారి మూసుకుపోతుంది. బిడ్డ ముఖం మనకు కనిపించేలా, మెడ నిటారుగా పట్టుకోవాలి. పెదాల రంగు చూస్తూ ఉండాలి. బిడ్డ తనంతట తాను మేలుకొని, నీళ్లు తాగి, మనల్ని గుర్తుపట్టేదాకా ఆసుపత్రి గడప దాటొద్దు. ఆలస్యమైతే రాత్రి అక్కడే ఉండండి, బస్సు తప్పితే తప్పనివ్వండి.

ఇదంతా చదివి ఎవరూ మత్తు వద్దని నొప్పి భరించకూడదు. విరిగిన ఎముకను నలుగురు పట్టుకుని లాగే రోజులు పోవాలి, కాలిన బిడ్డ కట్టు మార్చేటప్పుడు అరవకూడదు. 2024 సెప్టెంబర్‌లో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక తల్లి సినిమా చూస్తుండగానే మెదడులో గడ్డ తీశారు. మన ప్రభుత్వ ఆసుపత్రుల మత్తు వైద్యులు అంత సమర్థులు. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఉంది, తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి, వేలూరు సీఎంసీ అందుబాటు దూరంలోనే ఉంది. అత్యవసరం కాని పరీక్షను మత్తు డాక్టర్ ఉన్న చోటికి మార్చుకుంటే పోయేది బస్సు చార్జీ, ఒక రోజు కూలీ. ఆ కూలీ కూడా పేదవాడికి చిన్నది కాదని తెలుసు. అందుకే బాధ్యత మొత్తం రోగి మీద వేసి అధికారులు తప్పుకోవడానికి వీల్లేదు.

ప్రైవేట్ ఆసుపత్రులు, నర్సింగ్ హోంలు, క్లినిక్‌ల నమోదుకూ నియంత్రణకూ రాష్ట్రానికి 2002 నుంచే చట్టం ఉంది. జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి తనిఖీకి వెళ్లినప్పుడు గోడ మీది రిజిస్ట్రేషన్ కాగితం చూసి వచ్చేయకూడదు. మత్తు ఇచ్చే గదిలోకి వెళ్లి సిలిండర్ మీటర్ ముల్లు చూడాలి, రెండో సిలిండర్ ఎక్కడుందో అడగాలి. గొంతులో చేరిన ద్రవాలు లాగే సక్షన్ యంత్రం ఆన్ చేయించాలి, తర్వాత కరెంటు తీయించి మళ్లీ ఆన్ చేయమనాలి. పసిబిడ్డ ముఖానికి సరిపోయే మాస్కు, అంబు బ్యాగ్ చేతికి తెప్పించుకోవాలి. విరుగుడు మందుల గడువు తేదీ చదవాలి. గత నెలలో మత్తు ఇచ్చినవాళ్ల చార్టులు తీయించి, ఐదు నిమిషాలకోసారి ఊపిరి, నాడి, బీపీ రాశారా లేదా చూడాలి. రాయని చోట మత్తు ఆ రోజే ఆపించాలి. ఆర్‌ఎంపీల దగ్గర నరానికి మత్తు సూది వేస్తున్నారని తెలిస్తే నోటీసులతో సరిపెట్టకూడదు.

సంతకం సంగతి కూడా తెలుసుకోండి. చికిత్స ఏమిటి, ఎందుకు, వేరే దారి ఉందా, ముప్పు ఏమిటి అన్నవి రోగికి అర్థమయ్యేలా చెప్పాకే సమ్మతి చెల్లుతుందని సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లి కేసులో స్పష్టంగా చెప్పింది. ఇంగ్లీషు కాగితం చూపించి “ఇక్కడ వేలిముద్ర వేయమ్మా” అంటే అది సమ్మతి కాదు. మత్తు గురించి వేరుగా చెప్పమని అడిగే హక్కు మీకుంది.

ఈ వారంలో ఎండోస్కోపీ, స్కానింగ్, పంటి చికిత్స మత్తుతో పెట్టుకున్నవాళ్లు ఇవాళే ఫోన్ చేయండి. “సార్, మత్తు ఇచ్చేదెవరు? మావాడు లేచేదాకా వేరే పని లేకుండా పక్కన ఉండేదెవరు? ఊపిరి ఆగితే ఆ గదిలోనే గాలి అందించే ఏర్పాటుందా? బరువు తూచి మోతాదు వేస్తారా?” అని అడగండి. మంచి డాక్టర్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, నిలబడి జవాబు చెబుతాడు. మత్తు ఇచ్చే మనిషి పేరు మీకు చెప్పలేకపోతే ఆ తేదీ రద్దు చేసుకోండి.